ఊరి బడి రిజిస్టర్‌లో లేని పిల్లలెవరు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రాథమిక పాఠశాలల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రెండు రకాల ప్రశ్నలే ఎక్కువ. ఊరి బడి చరిత్ర ఎలా రాయాలి అన్నది ఒకటి, పిల్లలందరికీ ఆ బడిలో చోటు దొరకాలంటే ఏం చేయాలి అన్నది రెండోది. పాత అడ్మిషన్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటే ఈ రెండూ ఒకే పని అని తెలుస్తుంది. ఊళ్ళో ఉండి కూడా అందులో పేరెక్కని పిల్లలెవరో వెతకడంతోనే చరిత్రా మొదలవుతుంది, బాధ్యతా మొదలవుతుంది. అందుకే రెంటినీ కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: మా బడి గోడ మీద 'స్థాపితం 1926' అని ఉంది. అంతకుముందే బడి ఉండేదని పెద్దలు అంటారు. శతవార్షికోత్సవానికి చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నాం. అసలు సంవత్సరం ఎలా తేల్చాలి? పుస్తకంలో ఏం రాయాలి?
– పూర్వ విద్యార్థులు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: గోడ మీది అంకె, పెద్దల మాట రెండూ నిజమే కావచ్చు. పాత బడికి మొదలు ఒకటి కాదు. పంతులుగారు అరుగు మీద వీధిబడి పెట్టిన ఏడు, దానికి సర్కారు గుర్తింపు వచ్చిన ఏడు, తాలూకా బోర్డో, జిల్లా బోర్డో దాన్ని తన చేతిలోకి తీసుకున్న ఏడు, భవనం కట్టిన ఏడు వేరువేరుగా ఉంటాయి. శిలాఫలకం మీద ఎక్కువగా కనిపించేది చివరిది. యూడైస్ (బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) వివరాల్లో 'స్థాపన సంవత్సరం' గడిలో ఉన్నది కూడా తరచూ ఆ ఫలకం చూసి నింపినదే, కాబట్టి దాన్ని రెండో సాక్ష్యంగా లెక్కపెట్టకండి.

వీధిబడుల మాట ఊహ కాదు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలోని కలెక్టర్లందరినీ బడుల లెక్కలు అడిగాడు. 1826 నాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. వాళ్ళలో ఆడపిల్లలు 4,540 మందే. అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు కలిసి ఉన్న బళ్ళారి జిల్లా నుంచి కలెక్టర్ కాంప్‌బెల్ 533 బడులు, 6,641 మంది పిల్లలు అని రాసి పంపాడు. అంటే మీ ఊళ్ళో బోర్డు స్కూలు రాకముందు వీధిబడి ఉండి ఉండటానికి అవకాశం బాగానే ఉంది. అయితే ఆధారం దొరికేవరకు 'ఉండేదని పెద్దల మాట' అనే రాయండి.

ఆధారాలకు ముందుగా బడి బీరువానే తెరవాలి. అడ్మిషన్ రిజిస్టర్, తనిఖీ అధికారులు రాసిన ఇన్‌స్పెక్షన్ పుస్తకం, టీసీ పుస్తకాల అడుగు ప్రతులు, స్టాక్ రిజిస్టర్. వీటి మీది రబ్బరు ముద్ర చూడండి. 'తాలూకా బోర్డు ఎలిమెంటరీ స్కూల్' అని ఉంటే అది 1934కు ముందుది. ఆ ఏడాది తాలూకా బోర్డులు రద్దై బడులు జిల్లా బోర్డుల కిందికి వెళ్ళాయి. 'సమితి స్కూల్' అని ఉంటే పంచాయతీ సమితులు వచ్చిన 1959 నవంబరు 1 తర్వాతది. 1980ల రెండో సగంలో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాకే 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అన్న పేరు మొదలైంది. 'ఎయిడెడ్' అనో, 'మేనేజర్' సంతకమో కనిపిస్తే ఎవరో వ్యక్తి గానీ మిషన్ గానీ గ్రాంటు తీసుకుని నడిపిన బడి అది. బడి స్థలం దానంగా ఇచ్చినదైతే దాన పత్రం నకలు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దొరకవచ్చు. మద్రాసు రాష్ట్రం నాటి విద్యాశాఖ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి.

ఇక్కడ చాలామంది వదిలేసే రిజిస్టర్ ఒకటుంది. 1920 తర్వాత మద్రాసు లేబర్ శాఖ దళిత వాడల్లో విడిగా బడులు తెరిచింది. జనం వాటిని 'లేబర్ స్కూళ్ళు' అనేవారు. తర్వాత అవి హరిజన సంక్షేమ పాఠశాలలయ్యాయి. మీ ఊరి వాడలోనూ ఒకటి ఉండి, తర్వాత ఊరి బడిలో కలిసిపోయి ఉంటే దాని రిజిస్టర్ అటకమీద వేరే కట్టలో ఉంటుంది. ఊరి బడి రిజిస్టర్ ఒక్కటే చూసి 'మా బడి వందేళ్ళుగా అందరిదీ' అని రాస్తే అది నిజం కాకపోవచ్చు. విడిగా బడి ఎందుకు పెట్టాల్సి వచ్చింది, రెండూ ఎప్పుడు కలిశాయి అన్నది మీ పుస్తకానికి గుండెకాయ లాంటి అధ్యాయం. దాన్ని రెండు వాక్యాల్లో దాటేయకండి.

రిజిస్టర్ నుంచి ఏం తీయాలంటే: ఏటేటా చేరినవాళ్ళ సంఖ్య, అందులో ఆడపిల్లలెంతమంది, తండ్రి వృత్తి గడిలో ఏమేం ఉన్నాయి, ఏ శివారు నుంచి, ఏ తండా నుంచి ఏ ఏడు మొదటి బిడ్డ వచ్చింది, ఎన్నో తరగతిలో మానేశారు. 'మానిన కారణం' గడి తప్పక చదవండి. 'వివాహం', 'పనికి', 'వలస' అనే మాటలు కనిపించే చోటే మీ ఊరి చరిత్ర అసలు రూపం దొరుకుతుంది. పుట్టిన తేదీలను మాత్రం నమ్మకండి. జూన్, జూలై మొదటి తారీఖుల్లో పుట్టినవాళ్ళు పాత రిజిస్టర్లలో లెక్కకు మించి ఉంటారు. పిల్లాణ్ణి చూసి వయసు అంచనా కట్టి, బడి తెరిచే నెలకు సరిపోయేలా రాసిన తేదీలవి.

రెండు జాగ్రత్తలు. రిజిస్టర్‌లో కులం గడి, తల్లిదండ్రుల వివరాలు ఉంటాయి. ఆ పుటల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, పుస్తకంలో అచ్చు వేయకండి. సంఖ్యలు చాలు. బతికి ఉన్నవాళ్ళ పేరు వాడాలంటే వాళ్ళనో, వాళ్ళ ఇంటివాళ్ళనో అడిగి వాడండి. రెండోది, చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్ళకు జిగురు పసుపెక్కి అక్షరాలనే తినేస్తుంది. లామినేషన్ అంతకన్నా చేటు. ఎండ నేరుగా పడని వెలుతురులో ఫోన్‌తో పుటపుటా ఫొటో తీసి, అసలును శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, గోడకూ నేలకూ తగలకుండా ఇనుప బీరువాలో పెట్టండి. చెద గోడ వెంబడే వస్తుంది. అడ్మిషన్ రిజిస్టర్ ఎప్పటికీ ఉంచాల్సిన రికార్డు, కాబట్టి ఫొటోలు తీయడానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోండి, బడి దాటించి ఇంటికి తీసుకెళ్ళకండి.

ప్రశ్న: మా బడి పాత రిజిస్టర్ ఉర్దూలో ఉంది. సంవత్సరాలు 1340, 1345 అని ఉన్నాయి. ఏమిటివి?
– ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: అవి నిజాం రాజ్యంలో వాడిన ఫసలీ సంవత్సరాలు. హైదరాబాదు ఫసలీ అక్టోబరు మొదటి వారంలో 'ఆజుర్' నెలతో మొదలవుతుంది. ఆజుర్, దై, బహమన్ నెలలకు 590 కలపండి, మిగతా తొమ్మిది నెలలకు 591. అంటే 1340 ఫసలీ 1930 అక్టోబరులో మొదలై 1931 అక్టోబరులో ముగిసింది. బహమన్ చివరి రోజులు జనవరిలోకి జారతాయి, ఆ తేదీలకు కొంచెం జాగ్రత్త పడండి. మద్రాసు వైపు రెవెన్యూ కాగితాల్లోనూ ఫసలీ ఉంటుంది కానీ అక్కడ ఏడాది జూలై 1న మొదలవుతుంది. రెంటినీ కలిపేస్తే కొన్ని నెలలు అటూ ఇటూ అవుతాయి.

అంకెలు కూడా ఉర్దూలోనే ఉంటే నాలుగు, ఐదు, ఆరు అంకెల దగ్గర తప్పు చదవడం సులువు. ఉర్దూ చదవగల పెద్దల పక్కన కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు రాయండి. ఊరు జాగీరులో (జాగీర్దారు కింద) ఉండేదా, దివానీలో (నేరుగా సర్కారు కింద) ఉండేదా అన్నది కూడా తెలుసుకోండి. జాగీరు ఊళ్ళ కాగితాలు వేరు, 1949లో జాగీర్లు రద్దయ్యాకే అవి సర్కారు చేతికి వచ్చాయి. ప్రభుత్వ బడి రాకముందు పంతులు సొంతంగా నడిపిన 'ఖాన్గీ బడి' గురించి మాత్రం కాగితం దొరకడం కష్టం, పెద్దల నోటి మాటే దిక్కు. మిగతా పాత కాగితాలకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ. మాట అర్థమవుతుంది, నడవలేదు, చేతులు బిగుసుకుంటాయి. ఊరి బడిలో 'ఇక్కడ సౌకర్యాల్లేవమ్మా, స్పెషల్ స్కూల్లో వేయండి' అన్నారు. సర్టిఫికెట్ కూడా ఇంకా రాలేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీ పాపను చేర్చుకోవడం బడి చేసే ఉపకారం కాదు, అది మీ పాప హక్కు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. 2012 సవరణ వైకల్యం ఉన్న పిల్లల్ని ప్రత్యేకంగా అందులో చేర్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ వివక్ష లేకుండా చేర్చుకోవాలని, పిల్లల అవసరానికి తగిన ఏర్పాట్లు చేయాలని చెబుతోంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు 31వ సెక్షన్ ఇచ్చిన హక్కు. దగ్గరి బడా, స్పెషల్ స్కూలా అన్నది ఎంచుకోవలసింది కూడా మీరే. సౌకర్యాల్లేవన్నది చేర్చుకోకపోవడానికి కారణం కాదు, సౌకర్యాలు అడగడానికి కారణం.

సర్టిఫికెట్ కోసం ఆగకండి. అది భత్యాలకు, పరికరాలకు కావాలి గాని అడ్మిషన్‌కు అక్కర్లేదు. ప్రధానోపాధ్యాయుల పేర తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో బడికి, మండల విద్యాధికారికి పంపండి. నోటిమాటగా 'వద్దన్నారు' అంటే ఎవరూ బాధ్యులు కారు. కాగితం ఉంటే జవాబు చెప్పి తీరాలి.

తర్వాత మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్ళండి. అక్కడ ఐఈఆర్‌టీలు అనే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ జరుగుతుంది. సమగ్ర శిక్ష కింద రాకపోకల భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు ప్రత్యేక స్టైపెండ్ ఉన్నాయి. వీటికి పాప పేరు బడి రిజిస్టర్‌లో, యూడైస్‌లో ఉండాలి, పాప పేర బ్యాంకు ఖాతా ఉండాలి. యూడైస్‌లో వైకల్యం గడి ఖాళీగా వదిలేస్తే డబ్బు రాదు. చాలా ఇళ్ళలో భత్యం ఆగిపోయేది ఇక్కడే, అడిగి మరీ చూసుకోండి. వీల్‌చెయిర్, ప్రత్యేక కుర్చీ వంటివి అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెట్టే కొలత శిబిరాల్లో ఇస్తారు. ముందు కొలతల శిబిరం, కొన్ని నెలలకు పంపిణీ శిబిరం. కొలతలకు పాపను తీసుకెళ్ళకపోతే పెద్దవాళ్ళ కుర్చీ చేతికొస్తుంది, పాప అందులో ఒక పక్కకు ఒరిగిపోతుంది. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు పని ఈలోగా పక్కన నడిపించండి.

తరగతిలో కూర్చోబెట్టేటప్పుడు పాదాలు గాలిలో వేలాడకూడదు. మోకాళ్ళు, తుంటి లంబకోణంలో ఉండేలా కాళ్ళకింద పీట వేయాలి. బల్ల మోచేతి ఎత్తుకు రావాలి. పెన్సిల్ జారిపోతుంటే దానికి గుడ్డగానీ పాత సైకిల్ ట్యూబు ముక్కగానీ చుట్టి లావు చేయండి. రాయలేనిది నోటితో చెప్పించుకుని మార్కులేయవచ్చని టీచరుగారికి గుర్తుచేయండి. మరుగుదొడ్డికి తీసుకెళ్ళేదెవరు అన్నది మొదటి వారంలోనే తేల్చుకోండి. ఈ ఒక్క సంగతి మాట్లాడుకోకపోవడం వల్లే చేరిన పిల్లలు రెండు నెలల్లో మానేస్తున్నారు. ఆడపిల్లలైతే మరీ.

ఇంకొకటి. పేరు రాసుకుని 'ఇంటి దగ్గరే ఉంచండి, హాజరు మేం వేస్తాం' అంటే ఒప్పుకోకండి. ఇంటి వద్ద చదువు అనే వీలు చట్టంలో ఉంది, కానీ తీవ్రమైన లేదా బహుళ వైకల్యం ఉన్నవారికి, అదీ తల్లిదండ్రులు కోరుకుంటేనే. అప్పుడు కూడా ప్రత్యేక ఉపాధ్యాయులు ఇంటికి రావాలి. పాప ఇంట్లో, హాజరు బడిలో ఉంటే అది చదువు కాదు.

ప్రశ్న: మా బడికి ర్యాంపు ఉంది కానీ ఎవరూ వాడరు. పిల్లలు జారుడుబండలా జారుతున్నారు. మళ్ళీ కట్టించాలంటే ఏ కొలతలు చెప్పాలి?
– వార్డు సభ్యురాలు, మెదక్ జిల్లా

జవాబు: పిల్లలు జారగలుగుతున్నారంటేనే వాలు ఎక్కువైందని అర్థం. నిబంధన ప్రకారం ప్రతి 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. అరుగు 45 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 5.4 మీటర్లు, 60 సెంటీమీటర్లుంటే 7.2 మీటర్లు రావాలి. చాలాచోట్ల మెట్ల పక్కన మిగిలిన రెండు మీటర్ల జాగాలో సరిపెడతారు. అప్పుడు వాలు ఉండాల్సినదానికి రెండున్నర రెట్లు దాటిపోతుంది, వెనక నుంచి పెద్దవాళ్ళు తోసినా కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు ముందుకు బోర్లా పడుతుంది. ముందు జాగా చాలకపోతే వరండా పక్కగోడ వెంబడి పట్టుకెళ్ళి మలుపు తిప్పండి. మలుపులో 1.5 మీటర్ల చదరం చదునుగా వదలాలి.

వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదు. రెండు వైపులా అంచుకు చిన్న గట్టు కట్టాలి, లేకపోతే చక్రం పక్కకు జారుతుంది. పట్టుకునే కమ్మీలు 70, 90 సెంటీమీటర్ల ఎత్తుల్లో రెండు వరసలు, కిందిది పిల్లలకు. పైన టైల్స్ వేయించకండి, వానలో అద్దంలా జారతాయి. సిమెంటు తడిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు గీయిస్తే చాలు. ర్యాంపు చివర రెండంగుళాల మెట్టు మిగలకూడదు, తరగతి గది గడప కూడా అడ్డం రాకూడదు. ద్వారం తెరిచాక 90 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చివరి బిల్లు చెల్లించే ముందు ఒక వీల్‌చెయిర్ తెప్పించి, మనిషిని కూర్చోబెట్టి గేటు నుంచి బెంచీ దాకా నడిపి చూడండి. బడి గేటు దగ్గర పశువులు రాకుండా అడ్డంగా పాతిన కమ్మీలు, గేటుకూ ర్యాంపుకూ మధ్య నల్లరేగడి బురద ఆ పరీక్షలో బయటపడతాయి. ర్యాంపు బ్రహ్మాండంగా ఉండి దాని దాకా దారి లేని బడులు తక్కువేం కాదు.

మరుగుదొడ్డి కూడా అదే పనిలో కలపండి. కుర్చీ తిరగడానికి లోపల 1.5 మీటర్ల జాగా, బయటికి తెరుచుకునే తలుపు, గోడకు పట్టుకమ్మీలు, పిల్లల చేతికందే ఎత్తులో గడియ, నీళ్ళు. ఆ గదిని సామాన్ల గదిగా మార్చి తాళం వేయకుండా చూడటం మీ వార్డు సభ్యుల పని.

ప్రశ్న: ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. ఒక బాబుకు వినికిడి మిషన్ ఉంది, ఒక పాపకు ఫిట్స్ వస్తాయి, నాలుగో తరగతిలో ముగ్గురు ఇంకా చదవలేరు. ప్రత్యేక శిక్షణ లేని మేం ఏం చేయగలం?
– ఉపాధ్యాయురాలు, విజయనగరం జిల్లా

జవాబు: చాలా చేయగలరు. బాబును మీకు ఒకటి రెండు మీటర్ల దూరంలో, మీ ముఖం కనపడేలా కూర్చోబెట్టండి. కిటికీ మీ వీపు వెనక ఉంటే మీ ముఖం చీకటైపోతుంది, పెదవుల కదలిక తెలియదు. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడకండి. రాసి, తిరిగి, మాట్లాడండి. ముఖ్యమైన మాట గట్టిగా అరవక్కర్లేదు, మామూలు గొంతుతో ఇంకోలా మళ్ళీ చెప్పండి. మిషన్ కూత పెడుతుంటే చెవిలోని అచ్చు వదులైందని గుర్తు. పిల్లలు పెరిగేకొద్దీ అచ్చు మార్చాలి. చిన్న గుండ్రటి బ్యాటరీ వారం నుంచి రెండు వారాలే వస్తుంది. బాబు ఉన్నట్టుండి 'పరధ్యానం'లో పడ్డాడంటే ముందు బ్యాటరీ చూడండి. వానాకాలంలో రాత్రిపూట బ్యాటరీ తీసి, తేమ పీల్చే సిలికా పొట్లంతో పాటు డబ్బాలో పెట్టమని ఇంట్లో చెప్పండి.

ఫిట్స్ వచ్చినప్పుడు గడియారం చూడటం మొదటి పని. చుట్టూ ఉన్న బెంచీలు జరిపి, తలకింద మెత్తనిది పెట్టి, పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాల గుత్తి, ఇనుప ముక్క పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఉపయోగం లేదు. నోట్లో చెంచా, గుడ్డ కుక్కితే పళ్ళు విరుగుతాయి, ఊపిరాడదు. చేతులూ కాళ్ళూ గట్టిగా అదిమి పట్టకండి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి వెంటనే మళ్ళీ వచ్చినా, దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయండి. తర్వాత తరగతిలో పిల్లలకు రెండు మాటల్లో చెప్పండి: ఇది అంటుకునేది కాదు, గాలి ధూళి కాదు, మందులతో అదుపులో ఉండే జబ్బు. ఈ మాట చెప్పకపోతే మర్నాటి నుంచి పాప పక్కన ఎవరూ కూర్చోరు.

చదవలేని ముగ్గురికి 'డిస్లెక్సియా' (చదవడం, రాయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) అని పేరు పెట్టే ముందు కళ్ళు, చెవులు, గత రెండేళ్ళ హాజరు చూడండి. ఎక్కువమంది విషయంలో కారణం ఈ మూడింటిలోనే దొరుకుతుంది. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన 'ప్రశస్త్' యాప్‌లో టీచర్లు నింపాల్సిన మొదటి భాగం నింపండి. రెండో భాగం ప్రత్యేక ఉపాధ్యాయులది, నిర్ధారణ వైద్యులది. ఈలోగా వాళ్ళను నాలుగో తరగతి పుస్తకంతో నెట్టుకురాకండి. రోజూ పది నిమిషాలు, ఐదారు చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు, వేలు పెట్టి బయటికి చదవడం. తెలుగులో పిల్లలు ఎక్కువగా తడబడేది ఒత్తుల దగ్గర, మ–వ, ప–ష లాంటి పోలిక అక్షరాల దగ్గర. వాటిని ఒకే రోజు పక్కపక్కన నేర్పకండి, ఒకటి స్థిరపడ్డాక రెండోది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ముగ్గురికీ విడిగా వరస వేయకండి. 'మొద్దు బెంచీ' అన్న పేరు ఒక రోజులో వస్తుంది, ఐదేళ్ళయినా పోదు.

ప్రశ్న: మా బడిలో సవర పిల్లలున్నారు. ఒకటో తరగతిలో నెలల తరబడి నోరు విప్పరు. మందబుద్ధి అనుకుంటున్నారు కొందరు.
– అంగన్‌వాడీ కార్యకర్త, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: వాళ్ళకు తెలియనిది చదువు కాదు, మీ మాట. కోయ, గోండి, కొలామి, కువి, కొండ భాషలు తెలుగుకు చుట్టాలే, ద్రావిడ కుటుంబానివి. సవర ముండా కుటుంబానిది, లంబాడీ ఇండో ఆర్యన్ భాష. సవర బిడ్డకు తెలుగు మీరనుకున్న దానికన్నా చాలా దూరం. రాజ్యాంగం 350ఏ అధికరణ భాషాపరంగా అల్పసంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలంటోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కోయ, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా, గోండి, కొలామి అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. మీ మండల వనరుల కేంద్రంలో అవి ఉన్నాయేమో అడగండి.

పుస్తకం లేకపోయినా పని మొదలుపెట్టవచ్చు. ఒకటికి వెళ్ళడానికి, దాహానికి, ఆకలికి, 'నొప్పిగా ఉంది', 'భయమేస్తోంది' అనడానికి సవరలో ఏమంటారో రాయించుకుని టీచరు నేర్చుకోవాలి. ఓ అరవై మాటలు చాలు, పిల్లల భయం పోతుంది. లెక్కలు వాళ్ళ భాషలోనే మొదలుపెట్టండి. వారానికి రెండుసార్లు ఆ గూడెం అవ్వనో, ఇంటర్ చదివిన అమ్మాయినో పిలిచి కథ చెప్పించి, అదే కథను మర్నాడు తెలుగులో చెప్పండి. పిల్లల పేర్లను మాత్రం పలకడానికి వీలుగా ఉంటుందని రిజిస్టర్‌లో మార్చకండి. ఆధార్‌లో ఒకటి, బడిలో ఒకటి ఉంటే పదో తరగతి దాకా ఆ బిడ్డను ఆ తప్పు వెంటాడుతుంది.

ప్రశ్న: మధ్యాహ్న భోజనంలో కొందరు పిల్లలు విడిగా కూర్చుంటున్నారు, కొందరు వంటమనిషి కులం చూసి ఇంటికెళ్ళి తింటున్నారు. గొడవ లేకుండా ఎలా సరిచేయాలి?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: గొడవ అవుతుందని వదిలేస్తే అది రోజూ ఆ పిల్లలకు మీరు నేర్పుతున్న పాఠం అవుతుంది. వంటవారి నియామకంలో ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. కాబట్టి వంటమనిషిని మార్చడం గురించి చర్చే పెట్టకండి. ఒకసారి మార్చారంటే ఇక ఆ బడిలో దళిత మహిళ వండలేదు. వరస హాజరు నంబరు ప్రకారం వేయండి, టీచర్లు అదే వరసలో కూర్చుని అదే అన్నం తినండి. కంచాలు, గ్లాసులు అన్నీ ఒకచోటే కడిగి ఒకచోటే బోర్లించాలి. ఇంటి నుంచి వేరే గ్లాసు తెచ్చుకునే అలవాటును మొదటి రోజే ఆపాలి. ఇంటికెళ్ళి తినే పిల్లల తల్లిదండ్రులతో ప్రధానోపాధ్యాయులు ఒక్కొక్కరితో మాట్లాడాలి, సభలో నిలదీస్తే పంతం పెరుగుతుంది. విడిగా కూర్చోబెట్టింది పెద్దలే అయితే అది ఎస్సీ, ఎస్టీ చట్టం కిందికి వస్తుందని చెప్పడానికి వెనకాడకండి.

కొన్నిసార్లు కులం మాట సాకు మాత్రమే, అసలు ఫిర్యాదు నీళ్ళ పప్పు కావచ్చు. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని లెక్క. 50 మందికి కిలో పప్పు పడాలి. తూకం వేసి చూడండి.

ప్రశ్న: 'మా బడి విలువలు' అని బోర్డు రాయించాలి. ఏం రాయాలి?
– ప్రధానోపాధ్యాయుడు, కర్నూలు జిల్లా

జవాబు: సత్యం, క్రమశిక్షణ, సమానత్వం అని పెద్ద మాటలు రాస్తే వాటిని ఎవరూ తప్పు పట్టలేరు, ఎవరూ సరిచూడలేరు కూడా. సరిచూడగల వాక్యాలు రాయండి. 'ఈ బడిలో ఎవరినీ కొట్టరు' (విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్). 'ఏడాదిలో ఏ నెలలో వచ్చినా చేర్చుకుంటాం.' 'టీసీ లేకపోయినా, ఆలస్యమైనా తరగతిలో కూర్చోవచ్చు.' 'బడి ఊడ్చే వంతు ఆడపిల్లలకే కాదు, అందరికీ.' 'యాజమాన్య కమిటీ తీర్మానాలు ఎవరడిగినా చూపిస్తాం.' ఇలాంటివి ఐదు చాలు. పిల్లలతో, తల్లులతో కూర్చుని రాస్తే మీకు తట్టనివి కూడా వస్తాయి.

కమిటీ కూడా బోర్డు మీది మాటకు తగ్గట్టుండాలి. చట్టం ప్రకారం సభ్యుల్లో నాలుగింట మూడొంతులమంది తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు. భర్తలు వచ్చి సంతకాలు పెట్టడం మొదలైతే కమిటీ ఉన్నా లేనట్టే. సమావేశాన్ని కూలికి వెళ్ళివచ్చాక సాయంత్రం పెట్టండి, ఉదయం పదకొండుకు పెడితే ఎవరు రారో మీకే తెలుసు.

రోజూ పిల్లలు చెప్పే 'భారతదేశం నా మాతృభూమి' ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు నల్లగొండ జిల్లా అన్నెపర్తి వారు. ఆ పేరు పిల్లలకు చెప్పండి. అందులోని 'భారతీయులందరు నా సహోదరులు' అన్న వాక్యం దగ్గర వారానికోసారి ఆగి, ఈ వారం మన బడిలో ఎవరు ఒంటరిగా ఉన్నారో అడగండి. పిల్లలు దాచకుండా చెబుతారు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఊరి బడికి రెండు లక్షలు ఇవ్వాలనుకుంటున్నాం. ఆర్చి కట్టించమంటున్నారు.
– పూర్వ విద్యార్థి

జవాబు: ఆర్చి వద్దు. ప్రతి బడి కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయాలి, అది పంపమనండి. అందులోంచి ఎంచుకోండి. సరైన వాలుతో ర్యాంపు, నీళ్ళున్న మరుగుదొడ్డి, రెండు ఎత్తుల్లో కుళాయిలు, చేతికందే అరల్లో కథల పుస్తకాలు, పాత రిజిస్టర్లకు ఇనుప బీరువా. డబ్బు కమిటీ ఖాతాకే, తీర్మానం ప్రతి అందాకే పంపండి. స్మార్ట్ టీవీ కొనేముందు కరెంటు బిల్లు, మరమ్మతు ఎవరు భరిస్తారో అడగండి. ఆ మాట తేలకుండా కొన్న టీవీలు గుడ్డ కప్పుకుని ఉంటాయి.

ప్రశ్న: ఇటుక బట్టీకి వచ్చిన ఒడిశా కుటుంబం పిల్లలు ముగ్గురు. పుట్టిన పత్రం లేదు, టీసీ లేదు, పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, ఎప్పుడూ బడికి వెళ్ళలేదు. చేర్చుకోవచ్చా?
– ఉపాధ్యాయుడు, రంగారెడ్డి జిల్లా

జవాబు: చేర్చుకోవాలి. వయసు పత్రం లేదని అడ్మిషన్ నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. ఏఎన్ఎం రికార్డు, అంగన్‌వాడీ రికార్డు ఏదీ లేకపోతే తల్లిదండ్రుల వాంగ్మూలం చాలు. పెద్దవాణ్ణి ఒకటో తరగతిలో కాదు, వయసుకు తగిన నాలుగో తరగతిలో చేర్చి, మూడు నెలల నుంచి రెండేళ్ళ వరకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. తమ్ముడూ చెల్లీ ఉన్న గదిలోకి మొదటి వారం వాణ్ణి కాసేపు వెళ్ళిరానివ్వండి. లేకపోతే వాళ్ళను చూసుకోవడానికి ముగ్గురూ బట్టీ దగ్గరే ఉండిపోతారు. వాళ్ళు తిరిగి వెళ్ళేది సాధారణంగా వానలకు ముందు. మే నెలలోపే, అడగకముందే, టీసీతో పాటు ఏం నేర్చుకున్నారో ఒక పుటలో రాసి తండ్రి చేతికివ్వండి. యూడైస్‌లో పేరు 'డ్రాపవుట్' అని కాకుండా వలస వెళ్ళినట్టు నమోదు చేయండి. అక్కడి బడి వాళ్ళు వెతుక్కోగలుగుతారు.